బతికిన నలభై

కాంకాల్ రేవు, ఆగస్టు 3

ఆల్చిప్పల జబ్బుల ప్రయోగశాల, బార్బెరో గారికి,

అయ్యా, నేను సోలెన్ కెర్వెల్లాని. మా ఆయన పోయాక, నీళ్ళు వెనక్కి తీసే పాటు సమయంలో సముద్రంలోకి దిగి, ఆల్చిప్పలు పెంచే సంచులు తిప్పుకుంటూ బతుకుతున్నాను. నీళ్ళు వేడెక్కాయో లేదో, వారంలో మూడు లక్షల పిల్లచిప్పలు నోళ్ళు తెరిచి చచ్చాయి. టీకా ఉంటే పంపండి.

ఇట్లు,
సోలెన్

తా.క.: సూది ఎక్కడ పొడవాలో కూడా రాయండి.

ఆగస్టు 29

మదాం కెర్వెల్లా గారికి,

ఆల్చిప్పకు మనలా టీకా పనిచేయదు. దాని రక్తకణాలే క్రిమిని పట్టి మింగాలి. నమూనాలు పంపగలరు.

భవదీయుడు,
బార్బెరో

తా.క.: అన్నీ మూడేసి ప్రతులు.

సెప్టెంబరు 10

అయ్యా,

చచ్చినవి మూడు సంచులు పంపాను.

సోలెన్

తా.క.: పోస్టుమాస్టరు నాతో మాటలు మానేశాడు.

డిసెంబరు 2

మదాం,

కుళ్ళినవి మాకెందుకు? జబ్బును గెలిచి బతికినవి కావాలి. ప్రాణాలతో నలభై, ఒక్కటి తగ్గినా కుదరదు. ఆ గట్టితనం వాటి పిల్లలకు రావచ్చు. వసంతంలో మొదటి విత్తనం, అంటే ఆ పిల్లచిప్పలు, మీకే ఇస్తాం.

బార్బెరో

తా.క.: ఆఫీసు కిటికీలు ఇంకా తెరిచే ఉంచాం.

డిసెంబరు 21

అయ్యా,

నాకు మిగిలినవే నలభై ఒకటి. నలభై పంపుతున్నాను. తడినాచు పరిచి, ఈ ఉత్తరం కూడా అందులోనే పెట్టాను. వసంతానికి విత్తనం రాకపోతే నా ఆల్చిప్పల పాక అమ్ముకోవాల్సిందే. భయంగా ఉంది, జాగ్రత్తగా చూసుకోండి.

సోలెన్

తా.క.: వేరే పెట్టె దొరక్క క్రిస్మస్ బుట్టలో సర్దాను. ఎర్ర రిబ్బను దానిదే, పట్టించుకోకండి.

జనవరి 6

మదాం,

నూతన సంవత్సర శుభాకాంక్షలు. పండగకు మీరు పంపిన బుట్ట అందింది. లోపలి కాగితం నాచులో తడిసి అక్షరం మిగల్లేదు, శుభాకాంక్షలే అయ్యుంటాయి. నిమ్మకాయ పిండుకుని అందరం తిన్నాం. డైరెక్టరు గారు ఒక్కరే పన్నెండు లాగించారు. కానీ మీ నమూనాలు ఇంతవరకు చేరలేదు. గడువు పదిహేనో తేదీ.

బార్బెరో

తా.క.: అవి మళ్ళీ దొరకని విత్తనం. పండగ రోజులు కదా, పొరపాటున ఎవరూ తినకుండా చూసుకోండి.

జనవరి 9

అయ్యా,

నమూనాలు చేరాయి. జబ్బును తట్టుకున్నాయి గానీ మీ నిమ్మకాయను తట్టుకోలేకపోయాయి. పాక అమ్మకానికి పెట్టాను. నా కడుపు మండిపోతోంది.

సోలెన్

తా.క.: నలభై ఒకటోది నా దగ్గరే ఉంది. పంపను. జబ్బు నుంచి తనను తానే కాచుకుంది. మీ నుంచి మాత్రం దాన్ని నేనే కాచుకోవాలి.