ఉప్పునీళ్ల గ్లాసు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నుంచీ ఏ పనిలోనూ మనసు నిలవడం లేదు. పాప పళ్లు పుచ్చకుండా ద్వారకా నగర్ డాక్టరమ్మ మంచి బ్యాక్టీరియా ఉన్న బిళ్లలిచ్చింది. బ్రష్ చేశాక చప్పరించాలట, ఆపైన పుక్కిలించకూడదట. నైట్ షిఫ్టు దిగి వచ్చి నువ్వు నేర్పిన అలవాటు ఎక్కడికి పోతుంది? పాప అప్పటికే గ్లాసులో ఉప్పునీళ్లు కలిపేసుకుంది.

"నాన్న పుక్కిలించమన్నాడు కదా, ఏటమ్మా నువ్వు?"

"నాన్న సెప్పింది సెడ్డ పురుగులు సావడానికే. ఇవి మంచివి, బతకాల."

బిళ్ల బుగ్గన పెట్టుకుని స్కూలు ఆటో ఎక్కేసింది. గ్లాసు సింకు పక్కనే ఉండిపోయింది. పారబోద్దామని వెళ్లడం, ఊరికే తిరిగి రావడం.

చివరికి ఆ నీళ్లు నేనే పుక్కిలించాను. పక్కింటికి వినపడేలా, అచ్చం నీలాగే.