పచ్చి బియ్యం

నందిగామ, ఆగస్టు 1958, శుక్రవారం రాత్రి

సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటావిడ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చున్నా. మాటల్లో పడి ఆవిడ మనవరాలూ నేనూ చెరో గుప్పెడు బియ్యం నోట్లో పోసుకున్నాం. పిల్ల చేతి మీద ఆవిడ ఒక్కటిచ్చింది.

"బియ్యం బొక్కితే నీ పెళ్ళికి వాన కురుస్తుందే!"

నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నా.

"మీరు తినండి టీచరుగారూ, మీకేం భయం" అంది నవ్వుతూ. ఆవిడ మంచిదే. నా పెళ్ళీడు దాటిపోయిందని కావాలని అనలేదు.

రాత్రి అన్నం రోజూకంటే ఎక్కువే తిన్నా. కడుపు బరువెక్కింది గానీ గుండెదడ తగ్గలేదు. లేచి డబ్బాలో బియ్యం తీసి నమలడం మొదలుపెట్టా. ఆకలై కాదు. నములుతున్నంతసేపూ తలలో ఆ కరకర తప్ప ఇంకేం వినపడదు, ఒళ్ళు నెమ్మదిస్తుంది. నోరు ఆగితే మళ్ళీ ఈ గదే. ఇది రోజువారీ అలవాటైపోతోంది, ఎక్కడికి పోతుందో...

అమ్మ బతికున్నన్నాళ్ళూ డబ్బా మూత చప్పుడైతే చాలు, పెరట్లోంచే కేకేసేది, "వాన కురుస్తుందే!" అని. నాకు చిరాకేసేది.

ఇవాళ మూత గట్టిగా చప్పుడయ్యేలా పెట్టి, కాసేపు అక్కడే నిలబడ్డా.