నల్లకోటుకు నీలం చెయ్యి

ఇంటి మహారాణికి,

ఇక్కడ నేనూ, కుట్టుమిషనూ, మేడమెట్ల మీద నీ పూలకుండీలూ క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, ముఖ్యంగా వదిన కాలూ క్షేమమని తలుస్తున్నాను. కట్టు విప్పాక రోజూ కాస్త నడిపించమని డాక్టరు చెప్పినట్టు రాశావు. వదిన కొట్లాడుతుంది, అయినా వదలకు. చెల్లెలి పెత్తనం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటే కదా.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాసేస్తాను, లేకపోతే వచ్చే ఉత్తరంలో దులిపేస్తావు. వేళకే తింటున్నాను. కూర మాడిన రోజు వాసన వీధంతా తెలిసిపోయింది కాబట్టి దాచి లాభం లేదు. మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. ఒకటి మాత్రం నా మీద అలిగి ఆకులన్నీ రాల్చేసింది. ఇక, "నల్లబట్ట పని ఏదీ ఒప్పుకోకండి, నేను వచ్చాక చూద్దాం" అని ఎందుకు రాశావో చదివినప్పుడు నాకు బోధపడలేదు. ఆ సంగతి చివర్లో రాస్తాను.

మన వీధి మాటేమైందని అడిగావు. నువ్వు బయల్దేరేనాటికి దక్షిణాన ఉన్న పాత గిడ్డంగిని ఒక కంపెనీ కొన్నదని మాత్రమే తెలుసు. తరవాత బయటపడింది, అక్కడ వీధికి అడ్డంగా ఇరవై పైచిలుకు అంతస్తులు లేపుతారట. మన తాతల నాటి కొట్లలో మేడ మీద మేడ ఉన్నది ఒక్కటీ లేదు. ఆ భవనం లేస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా నీడంతా మన నెత్తినే. ఎండ లేని వీధిలో గుండీలూ దారాలూ బట్టలూ ఎవరు కొంటారు? ఏడాది తిరక్కుండా కొట్లన్నీ మూతపడతాయని అందరం బెంగపడ్డాం.

పురపాలక కమిటీ మొదటి సమావేశానికి వీధి తరఫున గుండీలత్తని పంపాం. ఆవిడ నోటి సంగతి నీకు తెలుసు. కంపెనీ తరఫున వచ్చినాయన మర్యాదస్తుడే. "నీడ గురించి దిగులెందుకండీ, వీధి పొడుగునా మంచి దీపాలు పెట్టిస్తాం" అన్నాడు.

"దీపం కింద కొన్న రంగు ఇంటికెళ్ళేసరికి మారిపోతుంది బాబూ" అంది అత్త. "మా వీధిలో డబ్బు తీసుకోకముందే వస్తువు చేతికిచ్చి, గడప దాటి ఎండలో చూసుకు రమ్మంటాం. నచ్చితేనే బేరం. మా అమ్మ అలాగే అమ్మింది, నేనూ అలాగే అమ్ముతున్నాను."

అవతలి వాళ్ళకి ఇది ముసలివాళ్ళ చాదస్తంలా వినిపించినట్టుంది, ఎవరూ ఏమీ రాసుకోలేదు. అత్త ఇంటికి రాలేదు, నేరుగా మన కొట్టుకి వచ్చి కుర్చీలో కూలబడి, "మాస్టారూ, మాటలతో చెబితే వీళ్ళ బుర్రకెక్కదు. నీడ తెచ్చి నెత్తిన పెడదాం" అంది.

అదేం పనో వింటే నువ్వు కూడా ముక్కున వేలేసుకుంటావు. బట్టల కొట్లవాళ్ళు లైనింగు గుడ్డ తానులు తానులుగా ఇచ్చారు. నేనూ మరిద్దరు టైలర్లూ వాటిని కలిపి కుట్టాం. మిషను కింద నుంచి గుడ్డ గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురు కొట్టులోకి పోయింది. చెప్పులు కుట్టేవాళ్ళు అంచులకు తోలు పట్టీలు వేశారు. ఎదురెదురు మేడల పిట్టగోడలకి కట్టి, వీధి మీద సగం దూరం పొరలు పొరలుగా పందిరిలా పరిచాం. పురపాలక ఇంజనీరు వెలుగు కొలిచే పరికరం తెచ్చి, భవనం నీడ ఇంత చీకటిగా ఉండదని ఒక పొర తీయించాడు. మళ్ళీ కొలిచి, ఇప్పుడు సరిపోయిందన్నాడు. ఒకరి కొట్టు పని మానుకుని మరొకరి ముడి బిగించడం చూస్తుంటే, ఇలాంటి మనుషుల మధ్య ఇన్నాళ్ళు బతికానా అని గర్వమేసింది. పక్కన నువ్వు లేని లోటొక్కటే.

మర్నాడు మేం రమ్మనగా కమిటీ వచ్చి, పందిరి నీడలో అత్త కొట్టు ముందు ఆగింది. అధ్యక్షురాలు తన నల్ల జాకెట్టుకి ఊడిపోయిన గుండీ కోసం అడిగింది. అత్త పళ్ళెం ముందు పెట్టి, పెదవి విప్పకుండా నిలబడింది. నోరు మూసుకున్న గుండీలత్తని వీధివీధంతా వింతగా చూసింది. అధ్యక్షురాలు ఏరి ఏరి, నల్లదే అనుకుని ఒక గుండీ తీసుకుని, పందిరి దాటి ఎండలోకి నడిచింది. అరచేతిలో ఉన్నది ముదురు నీలం గుండీ. కంపెనీ ఆయన నవ్వి, తనూ ఒకటి ఏరుకుని వెళ్ళాడు. ఆయనది గోధుమరంగు.

ఇంతలో మన గడియారాల మెకానిక్ ఉత్సాహం పట్టలేక మన కొట్లో వేలాడుతున్న కోటు ఒకటి తెచ్చి ఎండలో పట్టుకున్నాడు. నల్లకోటు. ఒక చెయ్యి మాత్రం నీలం. అందరూ నోరెళ్ళబెట్టారు. "చూశారా, పొరపాటు కుట్టు ఎరగని మనిషి మా మాస్టారు. ఈ నీడ ఆయన్ని కూడా ముంచేసింది" అన్నాడతను. జనం చప్పట్లు కొట్టారు. పేపరువాళ్ళు ఆ కోటుని ఫోటో తీసుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అందరూ అది వినయమనుకున్నారు.

ఇప్పుడు అసలు మాట. ఆ చెయ్యి నేను పందిరి కట్టకముందే అతికించాను. కిటికీ నిండా ఎండ ఉండగా, తీరిగ్గా కూర్చుని కుట్టాను. అంతకంటే పెద్ద మాట ఇంకోటుంది. కోటు ఎండలోకి తెచ్చాక కూడా నాకు తేడా కనిపించలేదు. అందరూ నోరెళ్ళబెడితే నేనూ పెట్టాను. నల్లా నీలమూ నా కంటికి ఒకటే అయిపోయాయి. టైలరుకి కళ్ళు పోతే ఇంకేం మిగిలిందని భయం ఒకపక్క, వీధంతా నా పొరపాటు మీద ఆశ పెట్టుకుందన్న సిగ్గు ఒకపక్క.

కొట్లు కట్టేశాక అత్త దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నెమ్మదిగా గుండీల పెట్టె మూసి, "పొద్దున్నే వెళ్ళి ఆ అధ్యక్షురాలితో చెప్పు. అబద్ధం మీద నిలబడే వీధి నాకొద్దు" అంది. వచ్చేస్తుంటే వెనక్కి పిలిచింది. "మీ ఆవిడ రోజూ కత్తిరించిన ముక్కలు పట్టుకుని నా గడప మీదకి ఎందుకొచ్చేదనుకున్నావు మాస్టారూ?"

కబుర్ల కోసం అనుకునేవాణ్ణి. వేళాకోళం కూడా చేసేవాణ్ణి. నువ్వు అక్కడ ఎండలో నిలబడి నలుపేదో నీలమేదో వేరుచేసి, నల్ల ముక్కల వెనక సుద్దతో చిన్న గీత గీసి తెచ్చేదానివని అత్త చెప్పింది. ఆ గీత ముక్క తిరగబడకుండా పెట్టిన గుర్తనుకున్నాను. నువ్వు వెళ్ళాక కత్తిరించిన ముక్కల మీద గీతలు లేవు, అంతే తేడా. పొరపాటు కుట్టని టైలరని వీధి నన్ను పొగుడుతుంటే నువ్వు పక్కనే గుండీలు కుడుతూ నవ్వేదానివి. ఒక్క మాట అనలేదు. నా పరువు ఇన్నాళ్ళు నీ చేతిలో సుద్దముక్క కాపాడిందే.

పొద్దున్నే అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. "మీ కోటు పక్కన పెట్టేద్దాం. నా గుండీ మాత్రం పక్కన పెట్టలేను కదా. నా కళ్ళకి ఏ జబ్బూ లేదు" అంది. పోయిన వారం తీర్మానం వచ్చింది. అక్కడ కట్టుకోవచ్చు, కానీ మన మేడల ఎత్తు దాటకూడదు. అత్త పందిరి గుడ్డ విప్పించి, ముక్కలు చేసి, ఎవరి తాను వాళ్ళకి పంచింది. ఇప్పుడు మన గుమ్మంలో ఎప్పటి ఎండే ఉంది.

కళ్ళ డాక్టరుని కూడా చూశాను. కంట్లో పొర పెరుగుతోందట, తీయించుకోవచ్చట. నువ్వు పక్కనుంటేనే తీయించుకుంటానని చెప్పి వచ్చాను.

ఆ కోటు ఎవరిదో రాయలేదు కదూ. నీదే. నువ్వు వచ్చేసరికి చూపిద్దామని నీకు నలుపు, వదినకి నీలం, చెప్పకుండా కుట్టాను. ఇద్దరిదీ ఒకటే కొలత కాబట్టి నీ చెయ్యి ఒకటి వదిన కోటుకి పోయింది. రెండూ అలాగే వేలాడుతున్నాయి, విప్పలేదు. విప్పితే మళ్ళీ ఏది దేనికి అతికిస్తానో. నువ్వు వచ్చాక గడప మీద నిలబడి ఏది నీదో చెప్పు, మళ్ళీ కుడతాను.

తొందరపడి మాత్రం రాకు. వదిన కర్ర లేకుండా నడిచాకే బయల్దేరు. అంతదాకా తెల్లబట్టలే కుడతాను.

ఇట్లు,
నీ గీత కోసం చూస్తున్న
మీ ఆయన