రెండో మనిషి ఆమోదం

బావకి,

ఎవరు రాసిన ప్లగిన్ ప్రోగ్రాములు వాళ్లు నలుగురికీ ఉచితంగా పంచాలని మనం ఆన్‌లైన్‌లో తెరిచిన ఉమ్మడి కొట్టు ఇంకా ఉంది. పట్టుకుపోయేవాళ్లు కోకొల్లలు, ఇచ్చేవాడు లేడు. అందులో ఒక ప్లగిన్‌కు దొంగలు దూరేంత కన్నం పడింది. నేను పూడ్చాను. కానీ ఎవరి పనికి వాళ్లే ఆమోదం చెప్పకూడదని కదా మన నియమం. అందరినీ బతిమాలాను. “అది ఇంకా బతికే ఉందా తాతా?” అన్నాడొకడు, రోజూ దాన్నే వాడుకుంటూ. ఆమోదం దొరక్కపోతే కొట్టు మూసెయ్యడమే.

ఎవరు రాసిందీ చదవకుండానే సరే అంటున్నావని నిన్ను కొట్టులోంచి వెళ్లగొట్టింది నేనే. అది తప్పని ఇప్పటికీ అనుకోను. మీ చెల్లెలు పోయిన రోజు కూడా నీతో మాట్లాడలేదు.

లింకు కింద పెట్టాను. ఈసారి చదవక్కర్లేదు బావా. సరే అని నొక్కు, చాలు.