తద్దినం నాడు ప్యాకర్స్, బేర్స్

తమ్ముడు లింగరాజుకు, యాంగూన్‌లో అందరం కులాసా, నా కోపం తప్ప.

సోమవారం ఉదయం మీ బావ తద్దినం. అమెరికా ఫుట్‌బాల్‌లో ప్యాకర్స్, బేర్స్ అనే జట్లకు 1921 నుంచీ పోటీ అట. నా పెద్దాడు సుశాంత్ ప్యాకర్స్ వైపు, చిన్నాడు గోపీ బేర్స్ వైపు. పిండాలు పెడుతుండగా గోపీ ఫోన్ చూసి, బేర్స్ గెలిచారని కేక పెట్టాడు. సుశాంత్ చేతిలో పిండం వదిలేసి వాడి మీద పడ్డాడు.

"నూరేళ్లుగా ఆళ్లెవరో కొట్టుకుంటే మీకేటిరా? మీ నాన్న ఆకలి కనబడలేదా?" అని అరిచి, ఇద్దరినీ బయటికి గెంటాను. కాకికి ముద్ద నేనే పెట్టాను. ఆ రోజు నుంచీ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

మేనమామవి, ఫోన్ చేసి గట్టిగా చీవాట్లు పెట్టు. మరదలి మోకాలినొప్పి తగ్గిందా? కొత్త చింతపండు పంపు.

నీ పిల్లలకు నా దీవెనలు. నా కొడుకులకు మాత్రం, మళ్లీ మాట్లాడుకునేదాకా లేవు.

అక్క తాయారమ్మ