ఆకుపచ్చ చిన్నిల్లు

నవంబరు 14, శుక్రవారం, సాయంత్రం

డైరీ రాయడం నా అలవాటు కాదు. రోజూ రాసేది ఖర్చుల పుస్తకం. అందులో మనసుకి కాలమ్ లేదు. ఇవాళ విన్న మాట ఎవరికీ చెప్పుకోలేనిది, చెప్పకుండా ఉండలేనిది. అందుకే కూపన్ల ప్యాడు వెనక్కి తిప్పి రాస్తున్నాను.

పాత కార్ల క్లబ్బు మూడు రోజుల సమ్మేళనం పొద్దున మొదలైంది. మా అబ్బాయి దానికి సెక్రటరీ. వాళ్ళ నాన్న వదిలి వెళ్ళిన నల్ల కారు తెచ్చాడు. నన్ను భోజనం కూపన్ల టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. నేనుంటే ఎవరూ రెండోసారి ప్లేటు పట్టుకోలేరని వాడి ధైర్యం. ఒక పెద్దమనిషి వచ్చి డ్రైవర్ పేరు మీద రెండు కూపన్లు అడిగాడు. మీ డ్రైవర్‌కి రెండు పొట్టలా అన్నాను. ఒకటే తీసుకుని వెళ్ళిపోయాడు.

ఈ క్లబ్బు మగవాళ్ళ ముచ్చట్లు వినాలి. ఒకాయన కారు అద్దం తుడుస్తూ దానికి సారీ చెప్పాడు. మడ్‌గార్డుకి ఆనుకున్నందుకు భార్యని కసురుకున్నాడు. ఆవిడ ఊరుకుంటుందా, నాకు కూడా నాలుగు టైర్లు తగిలించుకు రమ్మంటారా అంది.

పిచ్చుక కూడా వచ్చింది. మా అమ్మాయి కూతురు, కాలేజీలో రెండో ఏడు. ఒక చోట కుదురుగా వాలదు కాబట్టి అందరికీ పిచ్చుకే. ఆదివారం పరేడ్‌లో మావయ్య కారు తను నడుపుతుందట. గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండే అమ్మమ్మా, నడిచేవాళ్ళు కూడా మనల్ని దాటిపోతారు, అంది. కుదరదన్నాను. డ్రైవింగ్ స్కూల్లో చేరతానన్నప్పుడూ అదే మాట అన్నాను. అది వాళ్ళమ్మ రక్తం. ఏది బ్రేకో ఏది యాక్సిలరేటరో తెలియని రక్తం.

పిచ్చుక పుట్టకముందు సంగతి. మా అమ్మాయి కారు నేర్చుకున్న కొత్తలో తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టుకుని మా ఆకుపచ్చ కారులో మా వీధి పల్లం దిగింది. చివర గోడని గుద్దింది. అబ్బాయి కుడి మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. బ్రేకు నొక్కానమ్మా, పడలేదమ్మా, అంది. కంగారులో యాక్సిలరేటర్ తొక్కి బ్రేకంటున్నావు, అబద్ధం కూడా నేర్చావా, అన్నాను. ఆ తర్వాత అది స్టీరింగు ముట్టుకోలేదు. నేను ముట్టుకోనివ్వలేదు. ఇప్పటికీ బస్సుల్లో వేలాడుతూ ఆఫీసుకి వెళ్తుంది. ఆ కారుని మా ఆయన తుక్కుకి అమ్మేశారు.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం బ్యానర్ వెనక మీసాల ప్రెసిడెంటు ఎవరితోనో అంటున్నాడు. పెద్దాయన చిన్నిల్లు రేపు వస్తోందయ్యా, పళ్ళ డాక్టరు తీసుకొస్తున్నాడు. పాపం ఎంత ప్రేమగా చూసుకునేవాడు, నెల తప్పకుండా వెళ్ళేవాడు, పక్కన కూర్చుంటే లేచేవాడు కాదు. ష్, ఆవిడ కూపన్ల దగ్గరే ఉంది, ఇంట్లో తెలియకూడదని పెద్దాయన ఒట్టు వేయించుకున్నాడు, అన్నాడు రెండోవాడు.

క్లబ్బులో పెద్దాయన అంటే ఒక్కరే. మా ఆయన. పోయి మూడేళ్ళు.

ప్రతి నెలా మొదటి ఆదివారం పెన్షనర్ల మీటింగని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేను.


నవంబరు 15, శనివారం, ఉదయం 7

ఆవిడ నాకంటే చిన్నదై ఉంటుందా?


అదే రోజు, 11 గంటలు

గేటులోంచి వచ్చే ప్రతి ఆడమనిషినీ ఎగాదిగా చూశాను. లిప్‌స్టిక్ వేసుకున్న ఒకావిడకి కూపన్ ఇవ్వకుండా ఆయన మీకెలా పరిచయం అన్నాను. ఎవరాయన అంది. నిజంగానే తెలియదు పాపం. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని అమ్మమ్మా బీపీ మాత్ర వేసుకున్నావా అంది.

ఇక ఉండబట్టలేక ప్రెసిడెంటుని పిలిచాను. మా ఆయన చిన్నిల్లు ఎక్కడ, మొహం చూడాలి, అన్నాను. ఆయన మీసాలు కిందికి జారాయి. తర్వాత పగలబడి నవ్వాడు. అయ్యో మేడమ్, చిన్నిల్లు అంటే మనిషి కాదు, కారు! ఇంట్లో తెలియకుండా ఇంకోచోట దాచుకునే రెండో కారుని మా క్లబ్బులో అలా అంటాం, సరదాకి, అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. కుర్చీలో కూలబడి నవ్వాను. బతికి ఉంటే ఆయన్ని కూడా కూర్చోబెట్టి చెప్పేదాన్ని, చూడండి మీ పరువు ఎలా పోయిందో అని.

సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరు కారు లోపలికి వచ్చింది. లేత ఆకుపచ్చ. కొత్త పెయింటు, కొత్త సీట్లు. నంబరు ప్లేటు మాత్రం పాతదే. నేను నంబర్లు మర్చిపోయే మనిషిని కాదు.

ఆయన తుక్కుకి అమ్మేశానన్న కారు నా కళ్ళ ముందు హారన్ కొట్టింది.


అదే రోజు, సాయంత్రం 5

రాయాలి. వరసగా రాయాలి.

నాలుగింటికి కార్ల కథల పోటీ. ఒక్కొక్క ఓనరూ తన బండి పక్కన నిలబడి మైకులో దాని చరిత్ర చెప్పాలి. జడ్జీలు మార్కులు వేస్తారు. పళ్ళ డాక్టరు వంతు వచ్చింది. పెద్ద గొంతు, తన మాటకి తనే ముందు నవ్వుతాడు. చచ్చిన పన్నుకి కూడా క్యాప్ వేసి నమిలించగలను, ఇది అంతకంటే మొండి కేసు, అన్నాడు. ఒక స్నేహితుడి దగ్గర తుక్కు ధరకి కొన్నాడట. ముందు భాగం నుజ్జయిపోయి ఉందట. విప్పుతూ పోతే అసలు రోగం దొరికిందట.

జేబులోంచి ఉంగరం డబ్బా లాంటిది తీశాడు. బ్రేకు పెడల్‌ని వెనకున్న రాడ్డుతో కలపడానికి లావుపాటి పిన్ను ఉంటుంది, అది జారిపోకుండా చివర చిన్న స్ప్లిట్ పిన్ను పెడతారు, బజారులో పిడికెడు దొరుకుతాయి, అన్నాడు. ఈ కారులో దాని బదులు ఏముందో తెలుసా? ఆడవాళ్ళు కొప్పుకి పెట్టుకునే నల్ల పిన్ను! ఒక కాలు విరిగిపోయి ఉంది. అది విరిగింది, లావు పిన్ను జారింది, పెడల్ నేలకి అంటుకుపోయింది. ఇంజన్ పనికి పెళ్ళాం కొప్పు మీద చెయ్యి వేస్తే బండి గోడ ఎక్కక ఎక్కడ ఎక్కుతుంది, అన్నాడు.

అందరూ నవ్వారు. మా అబ్బాయి కూడా నవ్వాడు. వంకర మోచేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ నవ్వాడు. కొత్త పెయింటులో వాడు ఆ కారుని గుర్తుపట్టలేదు.

డబ్బా జనంలో చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది.

ఒక ఆదివారం ఆయన చేతులనిండా గ్రీజుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నీ తలలో పిన్ను ఒకటి ఇటివ్వు, రేపు షాపు తీయగానే అసలుది కొంటాను, అన్నారు. తీసి ఇచ్చాను. తర్వాత రెండుసార్లు అడిగాను కూడా, నా పిన్ను ఏదీ, డజనులో ఒకటి తగ్గింది, అని. ఆయన మాట దాటేశారు. గోడ గుద్దింది ఆ వారంలోనే.

అంటే అది బ్రేకు నొక్కింది.

నొక్కానమ్మా అంది. నొక్కింది.


నవంబరు 16, ఆదివారం, ఉదయం

ఒక్క ప్రశ్న మిగిలింది. ఆయనకి తెలుసా?

తెలియదనే సమాధానం కోసం పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. టీ తాగుతున్నాడు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. మీరు వచ్చారని నాకెవరూ చెప్పలేదు చెల్లెమ్మా, చెబితే మైకులో ఆ జోకు వేసేవాణ్ణి కాదు, అన్నాడు. ఈయన్ని ఏనాడూ ఎరగని నేను చెల్లెమ్మని ఎప్పుడయ్యానో. అది తర్వాత అడగొచ్చు.

పిన్ను దొరికిన నెలలోనే ఆయనకి చూపించాడట. ఆయన కారు ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నారట. ఇది బయట అనకు, ఇంట్లో నేనే చెప్పుకుంటాను, అమ్మాయికి కూడా నేనే చెప్పాలి, అన్నారట. తర్వాత నెల వచ్చినప్పుడు డాక్టరు అడిగాడు, చెప్పారా బావగారూ అని. వచ్చే నెల, అన్నారు. ఆ తర్వాత నెల కూడా వచ్చే నెలే. కొన్నాళ్ళకి ఈయన అడగడం మానేశాడు. ఆయన రావడం మాత్రం మానలేదు. బ్రేకు పెడల్ మీద కాలు పెట్టి కూర్చునేవారు. నొక్కేవారు, వదిలేవారు. మళ్ళీ నొక్కేవారు.

క్లబ్బు వాళ్ళు దాన్ని ప్రేమ అనుకున్నారు.

భోజనాల దగ్గర నేను అమ్మాయిని దెప్పినప్పుడల్లా ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తేవారు. పెద్దమనిషి, ఆడవాళ్ళ మాటల్లోకి రాడు అనుకున్నాను. తల్లీకూతుళ్ళ మధ్య నాకెందుకు అని కూడా అనేవారు.

అసలు చిన్నిల్లే ఉన్నా బాగుండేది. దానికి ఏడవడం ఎలాగో నాకు తెలుసు.


అదే రోజు, మధ్యాహ్నం

పరేడ్‌కి అబ్బాయి నల్ల కారు తుడుస్తున్నాడు. పెడల్ కింద పిన్ను చూపించమన్నాను. ఇప్పుడా అమ్మా, అన్నాడు. ఇప్పుడే అన్నాను. టార్చి వేసి చూపించాడు. నేలమీద మోకాళ్ళూని చూశాను. చుట్టూ జనం చేరారు. ముసలావిడ ఏదో పారేసుకుందని ఒకడు తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. స్ప్లిట్ పిన్ను ఉంది. రెండు కాళ్ళూ సరిగ్గా విడదీసి వంచి ఉన్నాయి.

తాళం తీసుకుని పిచ్చుక చేతిలో పెట్టాను.

అది తాళం వైపు చూసింది, నా వైపు చూసింది. మావయ్యా, అమ్మమ్మకి ఎండ తగిలిందేమో, అంది. అబ్బాయి నోరు తెరిచాడు. అమ్మా నువ్వేనా, అన్నాడు. ఎక్కవే, అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఒక రౌండు తిరిగింది. ప్రెసిడెంటు టేబుల్ ముందు మెల్లగా ఆపింది. బ్రేకు పడింది. నేను ఏడ్చానని వీళ్ళెవరూ అమ్మాయికి ముందే చెప్పకుండా ఉంటే బాగుండు. ముందు చెప్పాల్సింది నేను.


అదే రోజు, ఇంటి దారిలో, కారులో

1. నేరుగా అమ్మాయి ఇంటికే వెళ్ళాలి. కూర్చోకముందే చెప్పాలి. పిన్ను డబ్బా నా సంచిలో ఉంది. తిరిగివ్వనని డాక్టరుకి చెప్పేశాను.

2. అబ్బాయికి కూడా అక్కడే, వాళ్ళక్క ఎదురుగానే.

3. పిచ్చుక రేపు డ్రైవింగ్ స్కూల్లో చేరాలి. వాళ్ళమ్మ ఇష్టపడితే ఇద్దరూ.

4. పళ్ళ డాక్టరు ఆకుపచ్చ కారుని మా వీధి పల్లం పైకి తెస్తానన్నాడు. అమ్మాయి నడుపుతానంటే నేను వెనక సీట్లో, అబ్బాయి కూర్చున్న వైపు కూర్చోవాలి. నోరు మెదపకూడదు. నడపనంటే అప్పుడు కూడా మెదపకూడదు.

5. ఆయన ఫోటోతో మాట్లాడటం: వచ్చే నెల.