కుట్టుమిషన్ల గ్రూపులో కొత్తావిడ

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే కంప్యూటర్లో యూజ్‌నెట్ సర్వర్ పేరు కొట్టి, మీ బావ పొద్దస్తమానం కూర్చుని ఊళ్లోవాళ్ల ప్రశ్నలకి జవాబులు రాసే కుట్టుమిషన్ల న్యూస్‌గ్రూపులో చేరాను. మా మిషన్‌లో దారం తెగుతోందని నెల్లాళ్లుగా మొత్తుకుంటుంటే "చూద్దాంలే" అనే మనిషి, అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లకి పేజీలు పేజీలు రాస్తున్నాడు. ఒళ్లు మండి, ఇంకో ఆడపేరు పెట్టుకుని అదే ప్రశ్న అడిగాను. గంటలో జవాబిచ్చాడు. స్వయంగా బొమ్మ గీసి, ఆ ఫైలూ పెట్టాడు. డౌన్‌లోడ్ చేసుకుని, బొమ్మ చూస్తూ సూది సరిగ్గా బిగించాను. మిషన్ బాగైంది.

ఇవాళ భోంచేస్తూ, "గ్రూపులో కొత్తావిడ చేరింది. ఎంత తెలివిగా అడుగుతుందనుకున్నావు, నువ్వూ ఉన్నావు" అన్నాడు.

ఆవిణ్ణి అక్కణ్ణించి తీసెయ్యడం ఎలాగో వెంటనే రాయి. వద్దులే, రెండ్రోజులాగి రాయి. ఆవిడ ఇంకొక్కటి అడగాలి.

కుళ్లుకుంటూ,
అక్క